పై అధికారి నమ్మకం మీ మీద ఉందని గుర్తించడం ఎలా

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో అప్రైజల్ ఉత్తరాలు వచ్చే రోజున ఒక దృశ్యం ఏటా కనిపిస్తుంది. సంవత్సరమంతా మేనేజరుతో కలిసి మాదాపూర్‌లో టీ తాగిన మనిషి, ఆయన గృహప్రవేశానికి ముందురోజే వెళ్లి పనులు చూసుకున్న మనిషి, తన ఉత్తరంలో సగటు రేటింగు చూసి నోట మాట రాక కూర్చుంటాడు. అదే బృందంలో మేనేజరుతో రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడని ఒకామెకు పదోన్నతి వస్తుంది. అతడు తనకు అన్యాయం జరిగిందనుకుంటాడు. జరిగింది అన్యాయం కాకపోవచ్చు. ఏడాది పొడవునా అతడు చనువును నమ్మకం కింద జమ వేసుకున్నాడు. ఉద్యోగిగా నేనూ కొన్నేళ్లు ఈ లెక్క తప్పినవాణ్ణే. మేనేజరునై బల్లకు అవతలి వైపు కూర్చున్న తరవాత గాని అది ఎక్కడ తప్పుతుందో నాకు కనబడలేదు.

ముందుగా మాటలను విడదీసుకోవాలి. తెలుగులో ఇందుకు కావలసినన్ని మాటలు ఉన్నా, కార్యాలయంలో అన్నిటినీ ఒకే గంపలో వేస్తాం. చనువు అంటే మీతో మాట్లాడటానికి ఆయనకు మొహమాటం లేకపోవడం. అభిమానం అంటే మీరు బాగుండాలని ఆయన కోరుకోవడం. అవసరం అంటే మీరు లేకపోతే ఆయన పని ఆగిపోవడం. నమ్మకం వీటిలో దేనికీ మారుపేరు కాదు: తనకు నష్టం తేగల విషయాన్ని మీ చేతిలో పెట్టి, పదేపదే తొంగిచూడకుండా ఉండగలగడమే నమ్మకం. 1995లో రోజర్ మేయర్, జేమ్స్ డేవిస్, డేవిడ్ షూర్మన్ అనే ముగ్గురు పరిశోధకులు సంస్థల్లోని నమ్మకాన్ని ఇంచుమించు ఇలాగే నిర్వచించి, ఎదుటి మనిషి సామర్థ్యం, మేలు కోరే గుణం, నిజాయితీ అనే మూడింటిని చూసి అది ఏర్పడుతుందని చెప్పారు. ఈ మూడూ ఒకేసారి కుదరనక్కరలేదు. మీ సామర్థ్యాన్ని మాత్రమే నమ్మే అధికారి కష్టమైన పని అప్పగిస్తారు గాని లోపలి మాట చెప్పరు. మీ నిజాయితీని మాత్రమే నమ్మేవారు లోపలి మాట చెబుతారు గాని కష్టమైన పని ఇవ్వడానికి వెనకాడతారు. అందువల్ల ‘నన్ను నమ్ముతున్నారా’ అని ప్రశ్నించుకోవడం కంటే ‘నాలో దేన్ని నమ్ముతున్నారు’ అని ప్రశ్నించుకుంటే జవాబు తేలికగా దొరుకుతుంది.

అధికారి అందరినీ సమానంగా చూడాలన్నది న్యాయమైన కోరికే గాని, వాస్తవం అలా ఉండదు. ఒకే అధికారి కింద పనిచేసేవారిలో ఒక్కొక్కరితో ఆయనకు ఒక్కో రకమైన సంబంధం ఏర్పడుతుందనీ, కొందరు లోపలి వలయంలోకి, మిగిలినవారు బయటి వలయంలోకి చేరతారనీ 1975లోనే ఫ్రెడ్ డాన్సరో, జార్జ్ గ్రేన్, విలియం హాగా తమ పరిశోధనలో చూపారు. లోపలివారికి సమాచారం ముందుగా అందుతుంది, స్వేచ్ఛ ఎక్కువగా ఉంటుంది, వారి మాట చెల్లుతుంది. అందుకు ప్రతిగా, ఉద్యోగపు ఒప్పందంలో రాసినదానికి మించిన పనినీ బాధ్యతనూ అధికారి వారి నుంచి ఆశిస్తారు. ఈ రెండో సగాన్ని మరిచిపోయి, పని పెరగడం చూసి ‘నన్నే వేధిస్తున్నారు’ అనుకునేవారు ఉన్నారు. మొదటి సగం ఏమీ దక్కకుండా రెండో సగం మాత్రమే మోస్తూ ‘నన్నే నమ్ముతున్నారు’ అనుకునేవారు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

ఎంతకాలం, ఏం గమనించాలి

ఒక రోజు మాటను బట్టి, ఒక మీటింగులో వచ్చిన పొగడ్తను బట్టి నిర్ణయానికి రాకూడదు. రెండు నెలలు గమనించండి. అందులో కనీసం ఒక గడువు ఒత్తిడి, ఒక పొరపాటు, అధికారి సెలవులో ఉన్న ఒక వారం ఉండేలా చూసుకోండి. సాఫీగా సాగే రోజుల్లో ఎవరైనా ఎవరినైనా నమ్మినట్లే కనిపిస్తారు. వారానికి ఒకసారి, ఇంటి దగ్గర, సొంత నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాసుకుంటే చాలు: ఈ వారం ఆయన నాకు ఏ పని అప్పగించారు, దాన్ని ఎన్నిసార్లు తనిఖీ చేశారు, ఏ విషయం నన్ను ముందుగా అడిగారు, నేను లేని చోట నా గురించి ఏమన్నారని తెలిసింది. ఆయన ముఖం ఎలా ఉందో, గుడ్ మార్నింగ్‌కు బదులు చెప్పారో లేదో రాయవద్దు. ఆ మనిషికి ఇంట్లో పిల్లవాడికి జ్వరం వచ్చి ఉండవచ్చు.

నా అనుభవంలో అన్నిటికంటే గట్టి గుర్తు, ఇంకా తేలని ఆలోచనను అధికారి మీ దగ్గర బయటపెట్టడం. నిర్ణయం అయిపోయిన తరవాత చెప్పడం సమాచారం అవుతుంది. అది అందరికీ మెయిల్‌లో వస్తుంది. ‘ఈ ఇద్దరిలో ఎవరిని లీడ్‌గా పెడితే బాగుంటుందో నాకు తేలడం లేదు, నువ్వేమంటావు’ అని అడగడం వేరు. అప్పుడాయన తన సందిగ్ధాన్ని మీకు చూపిస్తున్నారు, ఆ మాట మీరు బయట అంటే చిక్కుల్లో పడేది ఆయనే. ఇలా అడిగిన తరవాత మీ సలహాను పాటించారా లేదా అన్నది అంత ముఖ్యం కాదు. పాటించనప్పుడు ఎందుకు పాటించలేదో వచ్చి చెప్పారా అన్నది ముఖ్యం. కారణం చెప్పవలసిన మనిషిగా ఆయన మిమ్మల్ని లెక్కిస్తున్నారని దాని అర్థం.

తరవాత చూడవలసింది తనిఖీ తగ్గుతోందా అన్నది. కొత్తలో మీరు రాసిన ప్రతి మెయిల్‌నూ క్లయింటుకు పంపేముందు చూసేవారు. ఇప్పుడు ‘పంపించేయి, నన్ను సీసీలో పెట్టు’ అంటున్నారు. ఇంకొన్నాళ్లకు సీసీ కూడా వద్దంటారు. ప్రొడక్షన్ సర్వర్‌లో, అంటే వినియోగదారులు వాడుతున్న అసలు సర్వర్‌లో, మార్పులు చేసే అనుమతి, ఖర్చుల బిల్లుల మీద సంతకం చేసే అధికారం, కొత్తవారి ఇంటర్వ్యూల్లో కూర్చునే అవకాశం కూడా ఈ కోవలోవే. అయితే ఇక్కడ ఒక మోసం ఉంది. మీ పనిని చూడకపోవడానికి నమ్మకం ఒక కారణమైతే, ఆ పనికి విలువ లేకపోవడం ఇంకొక కారణం. ఎవరూ చదవని నెలవారీ నివేదికను మీకు వదిలేసి తొంగిచూడకపోతే, అది నమ్మకం కింద జమకట్టదగినది కాదు. ఆ పని చెడితే ఎవరికి చీవాట్లు పడతాయో ఆలోచించండి. ఆయనకు పడేటట్లయితే, ఆయన చూడకుండా ఉన్నారంటే, అది నమ్మకమే.

ఒక మేనేజరు గారి దగ్గర నేను మూడేళ్లు పనిచేశాను. ఆ మూడేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాని పెద్ద సాఫ్ట్‌వేర్ విడుదల ఉన్న శనివారం నాడు, తన చెల్లెలి పెళ్లికి ఊరు వెళ్తూ, ‘రేపు సాయంత్రం దాకా ఫోను ఆపేస్తాను, ఏదైనా అయితే నువ్వే తేల్చు’ అని చెప్పి వెళ్లిపోయారు. అప్పట్లో నాకు అది నిర్లక్ష్యంగా తోచింది. నేను మేనేజరునయ్యాక, విడుదల రోజున ఫోను ఆపడానికి ఎంత ధైర్యం కావాలో తెలిసివచ్చింది. దానికి ముందు ఏడాది నేను పనిచేసిన ఇంకొక మేనేజరు రోజూ భుజం తట్టేవారు, సెలవులో ఉన్నా గంటకొకసారి ఫోను చేసి ‘అంతా ఓకేనా’ అని అడిగేవారు.

చెడు వార్త చెప్పినప్పుడు ఏమవుతుందో చూడండి. తప్పు జరిగిందని మీరు చెప్పగానే ఆయన మొదటి ప్రశ్న ‘ఎవరు చేశారు’ అన్నదా, ‘ఇప్పుడేం చేద్దాం’ అన్నదా? తప్పు మీదే అయినప్పుడు ఆయన మిమ్మల్ని గదిలోకి పిలిచి, తలుపు వేసి, గట్టిగానే మందలించి, బయటికి వచ్చి పై అధికారులకు ‘మా టీమ్‌లో జరిగిన పొరపాటు, సరిచేస్తున్నాం’ అని రాశారంటే, అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. ఎస్కలేషన్ మెయిల్‌లో, అంటే సమస్యను పైవారి దృష్టికి తెచ్చే మెయిల్‌లో, ఆయన వాడిన కర్తను చూడండి: ‘మేము’ అని ఉందా, మీ పేరు ఉందా? మంచి జరిగినప్పటి మెయిల్‌లో మీ పేరూ, చెడు జరిగినప్పటి మెయిల్‌లో ‘మేము’ అన్న మాటా కనిపిస్తే మీరు మంచి చేతుల్లో ఉన్నారు. ఈ రెండూ తారుమారైతే, టీ ఎన్నిసార్లు ఇప్పించినా లాభం లేదు.

మందలింపు గురించి ఇంకొక మాట. పొగడ్త రాకపోవడం కంటే తప్పులు చెప్పడం మానేయడం ప్రమాదకరమైన సూచన. మీ ప్రజెంటేషన్‌లో మూడో స్లయిడు బలహీనంగా ఉందని విడిగా చెప్పే అధికారి, మీరు బాగుపడతారన్న ఆశ ఉన్నందువల్లే ఆ శ్రమ తీసుకుంటున్నారు. ఆశ వదులుకున్నవారి విషయంలో అధికారులు చాలా మర్యాదగా ప్రవర్తిస్తారు. ఒకప్పుడు గట్టిగా వాదించే మేనేజరు, అన్నిటికీ ‘బాగుంది, కానివ్వండి’ అంటున్నారంటే, ఒకసారి ఆగి ఆలోచించండి.

ఇక తన బదులు మిమ్మల్ని పంపడం. క్లయింటు కాల్‌కు, తన పై అధికారి పిలిచిన సమావేశానికి, వేరే బృందంతో తగవు తీర్చుకోవలసిన చోటుకు ‘నా తరఫున వెళ్లు’ అన్నారంటే, మీ నోటి నుంచి వచ్చే మాటకు తానే పూచీ పడుతున్నారన్నమాట. పంపేముందు ‘ఎంతవరకు ఒప్పుకోవచ్చు’ అన్న హద్దు కూడా చెప్పారా అని గమనించండి. హద్దు చెప్పి పంపితే ప్రతినిధిగా పంపారు. ఏమీ చెప్పకుండా పంపి, తిరిగి వచ్చాక ‘అలా ఎందుకు ఒప్పుకున్నావు’ అని అడిగితే, ఆ కష్టమైన చోటికి వెళ్లడం ఆయనకు ఇష్టం లేక మిమ్మల్ని పంపారు.

‘మనవాడు’ అన్న మాట

మన కార్యాలయాల్లో ఈ లెక్కను తప్పించే పెద్ద విషయం ఇది. అందరి ముందు ఇంగ్లీషులో మాట్లాడే మేనేజరు మీ ఒక్కరితో తెలుగులోకి దిగుతారు. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అవుతుంది, పేరు పోయి ‘తమ్ముడూ’ అనో ‘ఏమ్మా’ అనో పిలుపు వస్తుంది. మీది ఏ జిల్లా అని మొదలై, ఏ కాలేజీ, ఎవరి తాలూకు అన్న దాకా పోయి, చివరికి ఎవరూ పైకి అనని ఒక వివరం దగ్గర ఆగుతుంది. ఒకే కులమని తేలినప్పుడు ఏర్పడే దగ్గరితనాన్ని నమ్మకంగా భ్రమపడటం చాలా సులభం, ఎందుకంటే అందులో నిజమైన వెచ్చదనం ఉంటుంది. కాని ఆ వెచ్చదనం మీ పనిని చూసి వచ్చింది కాదు. ఇంకొక ‘మనవాడు’ చేరిన రోజున అది రెండుగా పంచుకోబడుతుంది, అధికారి మారిన రోజున పూర్తిగా పోతుంది. పైగా అది బయటివారి కళ్లలో పడుతుంది. మీరు నిజంగా కష్టపడి సాధించిన దానికి కూడా ‘వాళ్ల మనిషి గదా’ అన్న ముద్ర పడిపోయాక, దాన్ని చెరపడానికి ఏళ్లు పడుతుంది.

పిలుపు మారడాన్ని అసలు పట్టించుకోవద్దని నేను అనడం లేదు. భాష మారడంలో చనువు ఖాయంగా ఉంది. ఆ చనువులో ఆయన పని గురించిన సంగతి చెబుతున్నారా, ఇతరుల గురించిన చాడీలు చెబుతున్నారా అన్నదాన్ని బట్టి విలువ కట్టాలి. మీ ముందు ఇంకొకరిని తక్కువ చేసి మాట్లాడే అధికారి, ఆ ఇంకొకరి ముందు మీ గురించి ఏం మాట్లాడుతున్నారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు.

వాడకం నమ్మకం వేషంలో వచ్చినప్పుడు

‘నువ్వు తప్ప ఎవరూ చేయలేరు’ అన్న వాక్యాన్ని ఎక్కువసార్లు వింటున్నవారు ఈ భాగాన్ని నెమ్మదిగా చదవాలి. రాత్రి పదకొండింటికి వచ్చే ఫోనులు, ఆదివారం నాటి ఎక్సెల్ షీట్లు, ఏ వేళ సమస్య వచ్చినా ఫోను ఎత్తవలసిన, ఎవరూ తీసుకోని ఆన్‌కాల్ వారాలు మీకే వస్తున్నాయనుకుందాం. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్న సామెత కార్యాలయాలకు బాగా సరిపోతుంది: కాదనలేని మనిషి దగ్గరికి పని నీరు పల్లానికి పారినట్లు పారుతుంది. ఇది నమ్మకమా, వాడకమా అని తేల్చుకోవడానికి రెండు విషయాలు చూడండి. మొదటిది, వస్తున్న పని మిమ్మల్ని కొత్త చోటికి తీసుకెళ్తోందా, నిరుడు చేసినదాన్నే మళ్లీ చేయిస్తోందా? రెండోది, పనితో పాటు అధికారం కూడా వస్తోందా? ఇద్దరు మనుషుల పని ఇచ్చి, ఒక్కరికి కూడా పని చెప్పే హక్కు ఇవ్వకపోతే, మీ మీద ఉన్నది భారం మాత్రమే.

మరీ పనికివచ్చే మనిషికి వచ్చే ఆపద ఇంకొకటుంది. మిమ్మల్ని వేరే బృందంలోకి పంపడానికి, ఆన్‌సైట్‌కు పేరు ఇవ్వడానికి, పదోన్నతికి సిఫారసు చేయడానికి అధికారి ఏదో ఒక సాకుతో వాయిదా వేస్తున్నారంటే, ఆయనకు మీ మీద కోపమేమీ లేకపోవచ్చు. మీరు కదిలితే తన పని ఆగుతుందన్న భయం ఆయనది. అభిమానం ఉన్న అధికారి తనకు ఇబ్బంది అయినా మిమ్మల్ని ముందుకు పంపుతారు. అవసరం మాత్రమే ఉన్నవారు మిమ్మల్ని చాలా ప్రేమగా కట్టిపడేస్తారు.

రాతలో ఏముందో చూసుకోవడం

నోటి మాటకు ఖర్చు లేదు. అందువల్ల అధికారి ఏం రాశారన్నది తప్పక చూడాలి. చాలా సంస్థల్లో మేనేజరు ఇచ్చిన రేటింగు అలాగే నిలవదు; విభాగంలోని మేనేజర్లందరూ కూర్చుని, ఎవరికి ఎంత అన్నది సర్దుతారు. ఎక్కువమందికి ఎక్కువ రేటింగు ఇవ్వకూడదన్న కోటా ఉన్న చోట అక్కడ పెద్ద వాదనే జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఇలాంటి బలవంతపు వరసక్రమాన్ని 2013లో రద్దు చేసింది గాని, వేరే పేర్లతో ఆ సర్దుబాటు ఎన్నో చోట్ల నేటికీ నడుస్తోంది. ఆ గదిలో మీ మేనేజరు మీ కోసం ఎంతసేపు నిలబడ్డారన్నదే అసలు పరీక్ష. అది మీకు నేరుగా తెలియదు. కాని రేటింగు తక్కువ వచ్చినప్పుడు ఆయన ఇచ్చే వివరణను బట్టి గ్రహించవచ్చు. ‘నేను చాలా ప్రయత్నించాను, హెచ్ఆర్ ఒప్పుకోలేదు’ అన్నదాంట్లో వివరమేమీ లేదు. ‘నీ పని ఒకే క్లయింటుకు పరిమితమైందన్న అభ్యంతరం వచ్చింది, ఈ ఏడాది రెండో ప్రాజెక్టులో నీ పేరు పెడదాం’ అన్నారంటే, ఆ గదిలో మీ గురించి నిజంగా చర్చ జరిగింది.

ప్రభుత్వోద్యోగంలో ఇది ఇంకా స్పష్టంగా తెలుసుకునే వీలుంది. ఉద్యోగి పనితీరు మీద అధికారి రాసే వార్షిక నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ, మంచిదైనా చెడ్డదైనా, ఉద్యోగికి తెలపాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని అనుసరించి 2009 మే నెలలో కేంద్ర ప్రభుత్వం, 2008-09 సంవత్సరపు నివేదిక నుంచి మొదలుకొని మొత్తం నివేదికను ఉద్యోగికి చూపాలని ఉత్తర్వు ఇచ్చింది. అభ్యంతరం ఉంటే నివేదిక అందిన 15 రోజుల్లో రాసుకోవచ్చు. నవ్వుతూ పలకరించే అధికారి అందులో ఏ అంకె వేశారో చదువుకునే హక్కు ఉన్నప్పుడు, ఆయన నవ్వును చదువుతూ కూర్చోవడం దేనికి?

అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న తెలుగువారికి ఈ తేడా మరింత ఖరీదైనది. ‘గ్రీన్‌కార్డు తప్పకుండా చేస్తాం’ అన్న మేనేజరు మాట అభిమానమే కావచ్చు. కాని హెచ్-1బి సాధారణ పరిమితి 6 సంవత్సరాలు కాబట్టి, పెర్మ్ (గ్రీన్‌కార్డుకు ముందు కార్మిక శాఖ ఆమోదం కోసం యజమాని పెట్టే దరఖాస్తు) ఎప్పుడు దాఖలవుతుంది, ఐ-140 (ఆ తరవాత ఉద్యోగి కోసం యజమాని వేసే పిటిషన్) ఎప్పుడు వేస్తారు అన్న తేదీలు రాతలో రాకపోతే ఆ అభిమానం గడువు దాటిపోతుంది. ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు నిండితే, యజమాని తరవాత దాన్ని వెనక్కి తీసుకున్నా అది దానంతట అది రద్దు కాదన్న నియమం 2017 జనవరి నుంచి అమలులో ఉంది. ఇది తెలిసి కూడా దస్త్రాన్ని త్వరగా కదిలించే అధికారి, మీరు వెళ్లిపోగల స్వేచ్ఛను మీ చేతికి ఇస్తున్నారు. నమ్మకానికి ఇంతకంటే మంచి రుజువు ఆ దేశంలో దొరకదు.

మీరే పరీక్షించి చూడటం

గమనించడంతో తేలనప్పుడు చిన్న చిన్న ప్రయత్నాలు చేయవచ్చు. వీటిలో నాటకం ఉండకూడదు. నిజంగా అవసరమైనవే అడగాలి. మీ ఇప్పటి పనికంటే ఒక మెట్టు పెద్దదైన పనిని, ఎలా చేస్తారో ఒక పేజీలో రాసి, అడగండి. ఇస్తే మంచిదే, ఇవ్వకపోతే ‘ఏం నేర్చుకున్నాక ఇస్తారు’ అని అడగండి. నమ్మకం పెరిగే దారిలో ఉంటే నిర్దిష్టమైన జవాబు వస్తుంది. దారి మూసుకుపోతే ‘చూద్దాం, టైమ్ రానీ’ అన్న జవాబు వస్తుంది, ఆరు నెలల తరవాత అడిగినా అదే వస్తుంది.

ఒక్కసారి కాదనండి. న్యాయమైన కారణం ఉన్న చోట, మర్యాదగా, ప్రత్యామ్నాయం చూపిస్తూ కాదనాలి: ‘ఈ శనివారం నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి సార్, శుక్రవారం రాత్రికి సగం పూర్తిచేసి మిగిలింది ఫలానా వారికి అప్పగిస్తాను’ అని. నమ్మకం ఉన్న అధికారికి ఈ మాట చాలు. వాడకం మాత్రమే ఉన్న చోట ఆ మరుసటి వారమే వాతావరణం మారిపోతుంది, గుడ్ మార్నింగ్‌లు చల్లబడతాయి. ఈ పరీక్ష కొంచెం చేదుగా ఉంటుందని తెలిసే చెబుతున్నాను, ఎందుకంటే ఇంత త్వరగా తేల్చే పరీక్ష ఇంకొకటి నాకు కనబడలేదు.

ఆదరణ హద్దు దాటినప్పుడు

అధికారి తన లాగిన్, పాస్‌వర్డు ఇచ్చి ‘నా తరఫున అప్రూవ్ చేసేయి’ అన్నారని పొంగిపోయేవారిని చూశాను. అది నమ్మకం వేషంలో వచ్చిన ప్రమాదం. ఆ అనుమతి తప్పని తేలిన రోజున విచారణలో కూర్చునేది మీరే. బ్యాంకుల్లో ఒకరు నమోదు చేసినదాన్ని ఇంకొకరు ఆమోదించాలన్న పద్ధతి ఇందుకే ఉంది. కీలకమైన స్థానాల్లో ఉన్న ఉద్యోగులను ఏడాదికి ఒకసారి, ముందు చెప్పకుండా, ఏకబిగిన కనీసం 10 పనిదినాలు సెలవు మీద పంపాలని 2021లో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు నిర్దేశించింది. ఎంత నమ్మకస్థుడైనా ఆ పది రోజులు బల్ల వదలాల్సిందే. సరైన నమ్మకం తనిఖీకి అడ్డుపడదు. అడ్డుపడమని అడిగేది వేరే ఏదో.

మహిళా ఉద్యోగులు జాగ్రత్తగా చూడవలసిన విషయం ఇంకొకటి ఉంది. పనితో నిమిత్తం లేని ఆదరణ, ఒంటరిగా కలవమన్న ఒత్తిడి, ‘నీ పదోన్నతి నేను చూసుకుంటాను’ అన్న సూచన కలిసి వస్తున్నప్పుడు అది అభిమానమా కాదా అని తర్కించుకుంటూ నెలలు గడపవద్దు. లైంగిక వేధింపుతో ముడిపడి ఉద్యోగంలో ప్రత్యేక ఆదరణ చూపిస్తానని నేరుగా గాని పరోక్షంగా గాని ఆశ పెట్టడాన్ని పనిచేసే చోట మహిళల రక్షణకు వచ్చిన 2013 నాటి చట్టం వేధింపు కిందనే లెక్కిస్తుంది. 10 మంది లేదా అంతకుమించి ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. వచ్చిన సందేశాలను చెరిపేయకుండా ఉంచండి.

నమ్మకం ఉందని తేలిన తరవాత

విరాటుని కొలువుకు బయలుదేరిన పాండవులకు వారి పురోహితుడు ధౌమ్యుడు చెప్పిన సేవాధర్మాల్లో, రాజుకు సరిగ్గా ఎదురుగానూ వెనుకగానూ కాకుండా పక్కగా నిలబడి కొలవాలన్న సలహా ఉంది. రాజుగారి ఇంటికంటె అందమైన ఇల్లు కట్టుకోకూడదన్నదీ అక్కడిదే. కార్యాలయంలో పక్కగా నిలబడటమంటే, లోపలి మాట మీ దగ్గర ఆగిపోవడం. మీకు ముందుగా తెలిసిన సంగతిని క్యాంటీన్‌లో ‘నాకు ఎప్పుడో తెలుసు’ అని చూపించుకున్న రోజే మీ మీది నమ్మకం తరగడం మొదలవుతుంది, ఆ మాట ఆయన చెవిన పడేసరికి మీరు అది అన్న సంగతే మరిచిపోయి ఉంటారు. తోటివారి కోసం కూడా ఒక పని చేయాలి: మీకు వచ్చిన పెద్ద పనిలో ఒక భాగాన్ని ఇంకొకరికి ఇప్పించి, వారి పేరుతోనే మేనేజరుకు చూపించండి. అప్పుడు మీ దగ్గరితనం మిగిలినవారికి దారి అవుతుంది గాని గోడ కాదు, మీకూ ఆదివారాలు మిగులుతాయి.

చనువిస్తే చంకెక్కినట్లు అన్న మాట రాకుండా చూసుకోవడం మరీ కష్టమేమీ కాదు. ఆయన ‘నువ్వు’ అన్నా మీరు ‘సార్’ దగ్గరే ఉండండి, నలుగురిలో ఉన్నప్పుడు మరీ. సెలవు కావాలంటే అందరిలాగే పోర్టల్‌లో పెట్టండి. ఆలస్యంగా వచ్చినప్పుడు మీకు మినహాయింపు ఇచ్చినా తీసుకోవద్దు. చిన్న మినహాయింపులు తీసుకుంటూ పోతే, పెద్ద విషయంలో ఆయన మీ కోసం నిలబడవలసినప్పుడు నిలబడలేని స్థితి వస్తుంది.

చివరిగా, అధికారి బదిలీ అవుతున్నారని లేదా సంస్థ మారుతున్నారని తెలిసిన వెంటనే చేయవలసిన పని. ఆయన మనసులో ఉన్న నమ్మకం ఆయనతోనే వెళ్లిపోతుంది, కొత్తగా వచ్చేవారికి మీరు జాబితాలో ఒక పేరు మాత్రమే. అందుకని, ఆయన ఆఖరి వారం దాకా ఆగకుండా, ఏడాది మధ్యలోనైనా సరే, మీ పనిమీద తన అభిప్రాయాన్ని అప్రైజల్ పోర్టల్‌లో నమోదు చేయమని అడగండి. నోటితో అప్పగించిన బాధ్యతలన్నిటినీ ఒక మెయిల్‌లో రాసి, ‘ఇవి ప్రస్తుతం నా దగ్గర ఉన్నాయి, సరిగా ఉన్నాయో లేదో చూడండి’ అని పంపి, ఆయన ‘అవును’ అన్న జవాబును దాచుకోండి. వీలైతే కొత్త అధికారికి మిమ్మల్ని స్వయంగా పరిచయం చేయమనండి. ఆ పరిచయంలో ఆయన ‘మంచి కుర్రాడు’ అని ఊరుకున్నారా, మీరు చేసిన ఒక పనిని పేరు పెట్టి చెప్పారా అన్నది వినండి. కొత్తవారి దగ్గర మొదటి నెలలో పాత మేనేజరు పేరు ఎత్తకుండా, మీ పనిని తనిఖీ చేయడానికి వీలుగా మీరే ముందుగా తెరిచి చూపిస్తూ, నోటుపుస్తకంలో కొత్త పేజీ మొదలుపెట్టండి.